తేలిక తూటాకు ఎంత బలమున్న స్ప్రింగు వేయాలి?

ప్రశ్న: నేను టెక్సాస్‌లో ఉంటాను. ఐదంగుళాల బ్యారెల్ ఉన్న, .45 ఏసీపీ రకం తూటా కాల్చే 1911 మోడల్ పిస్టల్‌తో ఏడాదిగా, ఒంటిచేత్తో గురిచూసి కాల్చే బుల్స్‌ఐ పోటీలకు సాధన చేస్తున్నాను. దుకాణంలో కొన్న 230 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు తూచే చిన్న కొలత) తూటాలను ఒంటిచేత్తో కాలిస్తే మణికట్టు నొప్పి పెడుతోంది కాబట్టి, 200 గ్రెయిన్ల సీసపు సెమీ వాడ్‌కట్టర్ బుల్లెట్లతో ఇంట్లోనే తేలిక తూటాలు తయారు చేసుకుంటున్నాను. కొన్న తూటాలతో పిస్టల్ చక్కగా పనిచేస్తుంది. నా తూటాలతో మాత్రం ఖాళీ కేసులు (కాలిన తూటాల తొడుగులు) కాళ్ల దగ్గరే పడుతున్నాయి, పదింటిలో ఒకటో రెండో స్లైడులో (పిస్టల్ పైన వెనక్కూ ముందుకూ జరిగే భాగంలో) నిలువుగా ఇరుక్కుంటున్నాయి, ఆఖరి తూటా కాల్చాక స్లైడు తెరుచుకుని నిలబడడం లేదు. రేంజిలో ఒక మిత్రుడు పది పౌండ్ల రికాయిల్ స్ప్రింగు వేసెయ్యమంటారు. ఇంకొకరు స్ప్రింగు జోలికి పోవద్దు, పౌడరు కొంచెం పెంచమంటారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: మీ మిత్రులిద్దరూ చెరో సగం నిజం చెప్పారు. మీరు కొన్న తరువాత మార్చి ఉండకపోతే, మీ పిస్టల్‌లో ఉన్నది 16 పౌండ్ల స్ప్రింగు అయి ఉంటుంది. ఐదంగుళాల .45కు అదే వాడుకలో ఉన్న ప్రమాణం, అది 230 గ్రెయిన్ల సైనిక తూటాను దృష్టిలో పెట్టుకుని కుదిర్చిన బలం. మీ తూటా అంత గట్టిగా తన్నదు కాబట్టి స్ప్రింగు తగ్గించవలసిందే గాని, ఒక్క గెంతులో పదికి దిగవలసిన అవసరం లేదు. మీరు రాసిన లక్షణాలను బట్టి 12 దగ్గరో 13 దగ్గరో ఆగుతారని నా అంచనా. అయితే ఒకే కంపెనీ చేసిన రెండు పిస్టళ్లే ఒకే తూటాకు ఒకే రకంగా ప్రవర్తించవు కనుక, నా అంకెను పట్టుకుని స్ప్రింగు తెప్పించుకోవడం కంటే, ఆ అంకెను మీ పిస్టల్ చేతనే చెప్పించుకోవడం మేలు. దానికి ఒక్కటే షరతు ఉంది: ముందు తూటాను ఖాయం చేయండి, ఆ తరువాతే దానికి తగిన స్ప్రింగును వెదకండి. రెండింటినీ ఒకేసారి కదిలించినవారు ఏది దేనివల్ల జరిగిందో తెలియక నెలల తరబడి తిరుగుతూ ఉంటారు, వారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

ఈ స్ప్రింగు చేసే పని ఏమిటో ముందు చూద్దాం. తూటా పేలినప్పుడు బుల్లెట్ ముందుకు ఎంత ఊపుతో పోతుందో, బ్యారెల్, స్లైడు కలిసి అంతే ఊపుతో వెనక్కు బయలుదేరతాయి. కొద్ది దూరం పోయాక బ్యారెల్ కిందికి జారి స్లైడు నుంచి విడిపోతుంది. స్లైడు ఒక్కటే వెనక్కు సాగుతూ ఖాళీ కేసును లాగి బయటకు విసురుతుంది, హామర్‌ను పైకెత్తుతుంది, స్ప్రింగును నొక్కుతుంది, ఇవన్నీ అయ్యాక మిగిలిన బలంతో ఫ్రేమును, అంటే పిడి ఉన్న కింది భాగాన్ని, తాకి ఆగుతుంది. అక్కడినుంచి పని స్ప్రింగుది. తాను దాచుకున్న బలంతో స్లైడును ముందుకు తోసి, దారిలో మ్యాగజైన్ నుంచి పై తూటాను తప్పించి, ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి, ఎక్కించి, బ్యారెల్‌ను మళ్లీ స్లైడుకు బిగిస్తుంది. స్లైడు అలా పూర్తిగా మూసుకున్న స్థితిని షూటర్లు ‘బ్యాటరీ’ అంటారు, కారు బ్యాటరీతో దానికి చుట్టరికం లేదు. అంటే స్ప్రింగుకు ఇద్దరు యజమానులు. వెనక్కు పోయేటప్పుడు అది అడ్డు, ముందుకు వచ్చేటప్పుడు అదే ఆధారం. మీ పది పౌండ్ల మిత్రుడు మొదటి సగాన్ని మాత్రమే చూస్తున్నారు.

మీ తూటా ఎంత తేలికో అంకెల్లో చూస్తే విషయం తేటపడుతుంది. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేదాన్ని పోటీల్లో ‘పవర్ ఫ్యాక్టర్’ అంటారు. 230 గ్రెయిన్ల బుల్లెట్ 830 అడుగుల వేగంతో పోతే అది సుమారు 191. మీ 200 గ్రెయిన్ల బుల్లెట్ 700 అడుగుల వేగంతో పోతోందనుకుంటే 140. చూడ్డానికి నాలుగింట ఒక వంతుకు పైచిలుకు తగ్గినట్టే ఉంటుంది. కానీ స్లైడు బరువు మారలేదు కాబట్టి దాని వేగం కూడా అదే పాళ్లలో తగ్గుతుంది, వేగం తగ్గితే శక్తి దాని వర్గం చొప్పున తగ్గుతుంది. పౌడరు వాయువుల వాటాను పక్కన పెట్టి లెక్కిస్తే, మీ తూటాతో స్లైడుకు దక్కే శక్తి కొన్న తూటాతో దక్కే శక్తిలో సుమారు 54 శాతం మాత్రమే. హామర్‌ను ఎత్తడానికీ, రాపిడిని దాటడానికీ పట్టే ఖర్చు మాత్రం రెండు తూటాలకూ ఒక్కటే. జీతం సగమై ఇంటి అద్దె అలాగే ఉన్న సంసారం లాంటిదన్నమాట. సైనిక తూటాతో ఫ్రేమును గట్టిగా గుద్ది మిగిలిపోయే శక్తి మీ తూటాలో లేదు కనుక, స్లైడు పూర్తి దూరం పోకముందే నీరసపడి వెనుదిరుగుతోంది. కేసులు కాళ్ల దగ్గర పడడం, నిలువుగా పొగగొట్టంలా ఇరుక్కోవడం, ఆఖరున స్లైడు నిలబడకపోవడం అన్నీ ఈ ఒక్క కారణానికి వచ్చిన మూడు రూపాలే.

స్ప్రింగు పొట్లం మీద వేసే 16, 14, 12 అనే అంకెలు స్లైడు పూర్తిగా వెనక్కు పోయినప్పుడు ఆ స్ప్రింగు నెట్టే బలాన్ని చెబుతాయి. స్లైడు మూసి ఉన్నప్పుడు అది నెట్టే బలం అంతకంటే చాలా తక్కువ, ఆఖరి అంగుళంలో తూటాను ఛాంబర్‌లోకి కుదించి బ్యారెల్‌ను బిగించవలసింది ఆ తక్కువ బలమే. అందుకే స్ప్రింగు బలం బాగా తగ్గించిన పిస్టల్ కేసులను ఠీవిగా విసురుతూనే, కాస్త మట్టి పట్టగానే వెంట్రుకవాసి దూరంలో మూసుకోకుండా ఆగిపోతుంది. పాతకాలపు షూటర్లు కొందరు ఉన్న స్ప్రింగుకే రెండు మూడు చుట్లు కత్తిరించి వాడేవారు. అది మంచి పద్ధతి కాదు. చుట్లు కత్తిరిస్తే స్ప్రింగు మెత్తబడదు, ఇంకా బిరుసెక్కుతుంది. తగ్గేది మొదటి బిగువు మాత్రమే, మనకు మూసుకునే చోట కావలసింది సరిగ్గా ఆ మొదటి బిగువే. స్ప్రింగు కొద్దిపాటి డబ్బుకే దొరికే వస్తువు, వుల్ఫ్ వంటి తయారీదారులు .45కు పౌండు, రెండు పౌండ్ల తేడాతో వరుసగా అమ్ముతారు. కత్తెర పక్కన పెట్టండి.

అసలు స్ప్రింగు మీద చేయి వేసేముందు తూటాను అనుమానించండి. కొన్న తూటాలతో పిస్టల్ బాగా నడుస్తోందని రాశారు కాబట్టి ఖాళీ కేసును లాగే ఎక్స్‌ట్రాక్టర్, మ్యాగజైన్ బాగానే ఉన్నాయని అనుకోవచ్చు, అయినా సీసపు సెమీ వాడ్‌కట్టర్‌కు భుజం ఉంటుంది, గుండ్రటి ముక్కున్న సైనిక బుల్లెట్‌కు ఉండదు. పిస్టల్ విప్పి బ్యారెల్‌ను చేతిలోకి తీసుకోండి. మీరు తయారు చేసిన తూటాను ఛాంబర్‌లో వదలండి. అది ‘టక్’మని దిగి, అడుగుభాగం బ్యారెల్ వెనుక అంచుకు సమంగా కూర్చుని, బ్యారెల్‌ను తలకిందులు చేస్తే తన బరువుకు తానే జారిపడాలి. వేలితో నెట్టవలసి వస్తే లోపం స్ప్రింగులో లేదు. బుల్లెట్‌ను కూర్చోబెట్టిన లోతునో, కేసు మూతిని నొక్కిన క్రింప్‌నో సరిచేయాలి. మీ రకం బుల్లెట్‌కు చాలామంది తూటా మొత్తం పొడవు 1.250 అంగుళాల చుట్టుపక్కల, మూతి దగ్గర వ్యాసం 0.470 అంగుళాల దగ్గర ఉంచుతారు, కానీ ఆఖరి తీర్పు మీ బ్యారెల్‌దే. ఈ పరీక్షలో తప్పిన తూటాను మెత్తని స్ప్రింగు ఇంకా అధ్వానం చేస్తుంది, ఎందుకంటే బిగుతుగా ఉన్నదాన్ని లోపలికి తోసే బలాన్ని మీరే తగ్గిస్తున్నారు.

ఆ తరువాత బుల్లెట్ వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్. మీ దగ్గర లేకపోతే రేంజిలో ఎవరినైనా అడగండి, ఒక పూటకు ఇవ్వనివారు అరుదు. పది తూటాలు కాల్చి, సగటుతో పాటు అన్నిటికంటే తక్కువ వేగాన్ని విడిగా రాసుకోండి. నా దృష్టిలో ఇదే ముఖ్యం. స్ప్రింగు కుదరవలసింది సగటు తూటాకు కాదు, పెట్టెలో అన్నిటికంటే నీరసంగా ఉన్న తూటాకు. పెద్ద కేసులో కొద్దిపాటి పౌడరు వేసినప్పుడు అది లోపల అటూ ఇటూ జారుతుంది. పిస్టల్ ముక్కు కిందికి దించి పైకెత్తి కాలిస్తే పౌడరు బుల్లెట్ వైపు చేరి ఉంటుంది, ముక్కు పైకెత్తి కిందికి దించి కాలిస్తే కేసు అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ వైపు చేరి ఉంటుంది. ఈ రెండు విధాలా ఐదేసి కాల్చి చూడండి. వేగంలో పెద్ద తేడా కనిపిస్తే మీ సమస్యలో సగం పౌడరు ఎంపికలోనే ఉంది, ఆ తేడాను ఏ స్ప్రింగూ పూడ్చలేదు.

ఇక్కడే మీ రెండో మిత్రుడి మాట వస్తుంది. మీరు వాడుతున్న మోతాదు రీలోడింగ్ మాన్యువల్‌లో ఆ బుల్లెట్‌కూ ఆ పౌడరుకూ ఇచ్చిన కనీస మోతాదు కంటే తక్కువగా ఉంటే, ఆయన చెప్పింది అక్షరాలా నిజం, వెంటనే పైకి తీసుకురండి. కనీస మోతాదు అనేది మర్యాదకు వేసిన గీత కాదు. దాని కింద బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా ‘ఢాం’ అని కాక ‘తుస్సు’మని మెత్తగా వినిపించి, తన్ను తక్కువగా తెలిసి, స్లైడు కదలకపోతే, అక్కడికక్కడ ఆగండి. స్లైడు లాగి తరువాతి తూటా ఎక్కించాలనే అలవాటు వేగంగా కాల్చే వరుసల్లో చేతికి పట్టి ఉంటుంది, ప్రాణం మీదికి తెచ్చేది ఆ అలవాటే. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, బ్యారెల్‌ను విప్పి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి. తేలిక తూటాలు కాల్చేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే ‘ఇది మామూలుగానే నెమ్మదిగా ఉంటుందిలే’ అని మనసు సర్దిచెప్పేస్తుంది.

రెండో వైపు ప్రమాదం ఇంకా దొంగది. .45 కేసు లోతు ఎక్కువ, మీరు వేసే పౌడరు తక్కువ. పొరపాటున ఒకే కేసులో రెండుసార్లు పౌడరు పడినా పైకి పొంగదు. బుల్లెట్ కూర్చోబెట్టేముందు ప్రతి కేసులోకీ దీపం వెలుతురులో తొంగిచూడండి. నేను యాభై కేసులను చెక్క పళ్లెంలో నిలబెట్టి, టార్చిలైటు పక్కనుంచి వేసి, అన్నిటిలోనూ పౌడరు మట్టం ఒకే ఎత్తులో ఉందో లేదో చూసుకుని గాని బుల్లెట్ పెట్టెను తెరవను. బలమైన స్ప్రింగు వేస్తే ఎక్కువ మోతాదు తూటాను కూడా పిస్టల్ తట్టుకుంటుందని కొందరు అనుకుంటారు, అది ఉత్త భ్రమ. .45 ఏసీపీకి అమెరికా తయారీదారుల సంస్థ సామీ నిర్ణయించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు, దాని ముందు పదహారో ఇరవయ్యో పౌండ్ల స్ప్రింగు ఎంత? పీడనం పతాకస్థాయికి చేరినప్పుడు కేసును పట్టి ఉంచేది స్లైడు బరువూ, బ్యారెల్ బిగింపూ. బుల్లెట్ బ్యారెల్ దాటేసరికి స్లైడు అంగుళంలో పదో వంతు చుట్టుపక్కల మాత్రమే కదిలి ఉంటుంది, స్ప్రింగుకు ఆట అప్పుడే మొదలవుతుంది.

మీ మోతాదు మాన్యువల్ హద్దుల్లోనే ఉండి, గురి బాగుండి, మణికట్టుకు హాయిగా ఉంటే, కేవలం స్లైడును నడిపించడానికి పౌడరు పెంచవద్దు. తేలిక తూటా చేసుకున్నదే చేతి కోసం, స్ప్రింగు కోసం చేతిని మళ్లీ బాధపెట్టడం అర్థం లేని పని.

ఇక పరీక్ష. 11 నుంచి 15 వరకు ఉన్న స్ప్రింగులు తెప్పించుకోండి, అన్నీ దొరక్కపోతే 10, 12, 14 అయినా చాలు. స్ప్రింగు మార్చేటప్పుడు బ్యారెల్ కింద ఉండే ప్లగ్ను బొటనవేలితో అదిమి పట్టుకోండి, కళ్లజోడు లేకుండా ఆ పని చేయవద్దు. అది చేతినుంచి జారితే గది అవతలి గోడ దాకా పోతుంది, మా ఇంటి పైకప్పు మీద దాని గుర్తు ఇప్పటికీ ఉంది. కొత్త స్ప్రింగు మొదటి వంద, రెండు వందల తూటాల్లో కొంచెం కుదించుకుని స్థిరపడుతుంది కాబట్టి, పొట్లం విప్పిన వెంటనే తీర్పు చెప్పకండి.

ముందు 15 పౌండ్లది వేయండి. మ్యాగజైన్‌లో ఒక్కటంటే ఒక్క తూటా పెట్టి కాల్చండి. మ్యాగజైన్ ఖాళీ అయింది కాబట్టి స్లైడు పూర్తిగా వెనక్కు పోయి ఉంటే స్లైడ్ స్టాప్ దాన్ని పట్టి నిలబెట్టాలి. ఇలా పదిసార్లు చేయండి. పదికి పదీ నిలబడకపోతే ఒక పౌండు దిగి మళ్లీ మొదలుపెట్టండి. మొదట రెండు చేతులతో పట్టుకుని చేయవచ్చు గాని, లెక్కలోకి వచ్చేది ఒంటిచేతి పరీక్షే. బుల్స్‌ఐ ఒంటిచేత్తో నిలబడి కాల్చే ఆట, పైగా ఒంటిచెయ్యి పిస్టల్‌కు ఇచ్చే ఆనింపు తక్కువ. ఆనింపు తక్కువైతే ఫ్రేము కూడా స్లైడుతో పాటు వెనక్కు పోతుంది, స్లైడు స్ప్రింగును నొక్కే దూరం తగ్గుతుంది. అందుచేత ఈ పరీక్షను సాధన మొదట్లో కాక, చివర్లో, అరవై డెబ్బై తూటాలు కాల్చి చేయి అలిసిపోయాక చేయమని నా సలహా. పోటీలో వేగపు వరుస వచ్చేసరికి మీ చేయి ఉండేది ఆ స్థితిలోనే.

ఒంటిచేత్తో పదికి పది నిలబెట్టిన స్ప్రింగుల్లో అన్నిటికంటే బలమైనదాన్ని గుర్తుపెట్టుకోండి. నేనైతే దాని మీద ఒక పౌండు తగ్గించి వాడతాను. పొద్దుటి చలికి నూనె చిక్కబడినా, సీసపు బుల్లెట్ల మైనం, మసి పేరుకున్నా, పెట్టెలో ఒక నీరసపు తూటా తగిలినా ఆ ఒక్క పౌండు కాపాడుతుంది. దీనితో ఏకీభవించని మంచి షూటర్లు ఉన్నారు. నిలబెట్టినవాటిలో బలమైనదాన్నే ఉంచుకోవాలని వారి వాదన, ఫ్రేముకు దెబ్బ తక్కువని వారి కారణం. 140 పవర్ ఫ్యాక్టర్ దగ్గర ఆ ఒక్క పౌండు వల్ల ఫ్రేముకు వచ్చే ముప్పేమీ నాకు కనిపించలేదు.

స్లైడు నిలబడినంత మాత్రాన పరీక్ష అయిపోలేదు. అది వెనక్కు పోయే సంగతి మాత్రమే చెప్పింది, ముందుకు వచ్చే సంగతి ఇంకా తేలలేదు. ఐదేసి తూటాలు నింపి, పోటీలోలాగే 20 సెకన్లలో ఒక వరుస, 10 సెకన్లలో ఒక వరుస కాల్చండి. కేసులు ఎక్కడ పడుతున్నాయో చూడండి. మీకు కుడిపక్కగా, కాస్త వెనక్కు, ఆరు నుంచి ఎనిమిది అడుగుల దూరంలో ఒక చాప పరిచినంత మేర పడుతుంటే కుదిరినట్టే. రెండు మూడు అడుగుల్లో పడితే స్ప్రింగు ఇంకా బలంగా ఉంది, పదిహేను అడుగులు దాటితే మరీ మెత్తగా ఉంది. అయితే ఎక్స్‌ట్రాక్టర్ బిగువు, కేసును బయటకు తోసే ఎజెక్టర్ ఆకారం కూడా ఈ దూరాన్ని మారుస్తాయి కాబట్టి దీన్ని సాక్ష్యంగానే తీసుకోండి గాని తీర్పుగా కాదు. చివరగా, పిస్టల్ పూర్తిగా ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, హామర్ ఎత్తి ఉంచి, స్లైడును పావు అంగుళం వెనక్కు లాగి మెల్లగా, చేత్తో పట్టుకునే ముందుకు వదలండి. తనంతట తాను పూర్తిగా మూసుకోవాలి. మధ్యలో ఆగి, మీరు బొటనవేలితో నెట్టవలసి వస్తే ఆ స్ప్రింగు పనికిరాదు, అది ఎంత హాయిగా కాలినా సరే.

పది పౌండ్లంటే నాకు ఎందుకు జంకో చెబుతాను. ఈ ఆట మొదలుపెట్టిన రెండో ఏడు, నేనూ ఎవరో అన్నారని తొమ్మిది పౌండ్ల స్ప్రింగు వేశాను. తేలిక తూటాలతో పిస్టల్ వెన్నలా నడిచింది. ఆ సంతోషంలో అది లోపల ఉన్న సంగతి మరిచిపోయి, నెల తరువాత సైనిక తూటాల పోటీకి సాధనంటూ 230 గ్రెయిన్ల పెట్టెలు రెండు కాల్చేశాను. కేసులు నా బల్ల దాటి, పక్క బల్ల దాటి, మూడో బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన కాఫీ కప్పులో పడ్డాయి. ఆయన లేచి వచ్చి, ఏమీ అనకుండా, నా పిస్టల్ తీసుకుని స్లైడును రెండు వేళ్లతో లాగి చూసి, నా ముఖంలోకి చూశారు. ఇంటికి వచ్చి విప్పితే, స్లైడు వచ్చి గుద్దే చోట ఫ్రేము మీద గోరంత మచ్చ కొత్తగా మెరుస్తోంది. ఆ మచ్చ ఇక పోదు. అప్పటినుంచి నా దగ్గర రెండు చిన్న ప్లాస్టిక్ సంచులు ఉంటాయి, ఒకదాని మీద ‘తేలిక–13’, రెండోదాని మీద ‘సైనిక–16’ అని రాసి ఉంటుంది. పిస్టల్ పెట్టెలో లోపల ఏ స్ప్రింగు ఉందో తెలిపే కాగితం ముక్క మూత మీదే అంటించి ఉంటుంది. మీరు ఎప్పటికైనా ఒహాయోలోని క్యాంప్ పెర్రీకి వెళ్లి సర్వీస్ పిస్టల్ పోటీలో సైనిక తూటాలతో కాల్చాలనుకుంటే, 16 పౌండ్ల స్ప్రింగును మళ్లీ వేయడం మరిచిపోకండి.

అలాగని బలమైన స్ప్రింగు అన్నివిధాలా క్షేమమని కాదు. అవసరానికి మించిన బలంతో స్లైడు ముందుకు దూసుకువస్తే మ్యాగజైన్ స్ప్రింగు తరువాతి తూటాను పైకి తేలేక వెనుకబడుతుంది, బుల్లెట్ ముక్కు ఛాంబర్‌లోకి దారితీసే వాలుకు, అంటే ర్యాంపుకు, గుచ్చుకుంటుంది, మూసుకునే అదురుకు పిస్టల్ ముక్కు కిందికి వంగుతుంది. గురి కోసం ఎర్రచుక్క చూపే రెడ్ డాట్ పరికరం వాడేవారికి ఇది కళ్లారా కనిపిస్తుంది. కాల్చిన తరువాత ఎర్రచుక్క పైకి లేచి, తిరిగి వచ్చేటప్పుడు నల్లటి వృత్తం దాటి కిందికి మునిగి మళ్లీ పైకి వస్తే స్ప్రింగు ఎక్కువైందని అర్థం. కుదిరిన స్ప్రింగుతో చుక్క లేచిన చోటికే వచ్చి కూర్చుంటుంది. పది సెకన్ల వరుసలో ఆ తేడా విలువ ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. చుక్కను స్లైడు మీదే బిగించారా, ఫ్రేముకు బిగించారా అన్నది కూడా చూసుకోండి. స్లైడు మీద అయితే ఆ అదనపు బరువు స్లైడు వేగాన్ని ఇంకా తగ్గిస్తుంది, అప్పుడు మీ అంకె ఇంకో పౌండు కిందికి జరగవచ్చు.

హామర్‌ను నడిపే మెయిన్‌స్ప్రింగు కూడా స్లైడుకు అడ్డే. 1911లో దాని మామూలు బలం 23 పౌండ్లు, ట్రిగ్గర్ తేలిక కోసం ఎవరైనా దాన్ని తగ్గించి ఉంటే రికాయిల్ స్ప్రింగు లెక్క మారుతుంది. పాత పిస్టల్ కొన్నవారైతే ముందు అది కనుక్కోవాలి. వుల్ఫ్ వారు రికాయిల్ స్ప్రింగుతో పాటు చిన్న ఫైరింగ్ పిన్ స్ప్రింగు కూడా పొట్లంలో పెడతారు, దాన్ని సొరుగులో పడేయకుండా అప్పుడే మార్చేయండి. స్లైడుకూ ఫ్రేముకూ మధ్యలో వేసే ప్లాస్టిక్ బిళ్లల గురించి కొందరు అడుగుతుంటారు. తేలిక తూటాలకు వాటి అవసరం లేదు, పైగా అవి స్లైడు పోయే దూరాన్ని కాస్త తగ్గిస్తాయి, మీకు ఇప్పుడు కరువైనది ఆ దూరమే.

స్ప్రింగుకు ఆయుష్షు ఉంటుంది. రెండు మూడు వేల తూటాలకు ఒకసారి మార్చడం మామూలు పద్ధతి. కొత్తది కుదురుకున్నాక బయటకు తీసి బల్ల మీద పెట్టి, దాని పొడవు కొలిచి సంచి మీద రాసుకోండి. తరువాత ఎప్పుడు శుభ్రం చేసినా ఆ పొడవుతో పోల్చండి. రెండు మూడు చుట్లంత కురచైతే దాని పని అయిపోయినట్టే. ఆరు అడుగుల దగ్గర పడుతున్న కేసులు నెలనెలా దూరం జరుగుతున్నా అదే కబురు.

మీరు రాసింది 1911 గురించి కాబట్టి ఇదంతా దానికే వర్తిస్తుంది. హామర్‌కు బదులు లోపల స్ట్రైకర్ అనే సూది ఉండే గ్లాక్ వంటి పిస్టళ్లు ఉన్న పాఠకులు ఈ అంకెలను పట్టుకుని వాటి స్ప్రింగును దించేయకండి. వాటిలో ట్రిగ్గర్ నొక్కేటప్పుడు స్ట్రైకర్ స్ప్రింగు స్లైడును వెనక్కు లాగుతుంటుంది, రికాయిల్ స్ప్రింగు మరీ మెత్తనైతే కాల్చే క్షణంలోనే స్లైడు కొంచెం తెరుచుకునే ప్రమాదం ఉంది.

ఉత్తరంతో సంబంధం లేకపోయినా, ఇది చదివి ఉత్సాహపడే కొత్తవారి కోసం ఒక మాట. అమెరికాలో హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు. ఇంట్లో తయారు చేసిన ఒక్క తూటా ఉన్నా అది తూటానే. ఇక మన దేశంలో .45 నిషిద్ధ బోరు, సామాన్య పౌరులకు దొరికేది కాదు, కాబట్టి సెలవులకు ఊరు వెళ్లేటప్పుడు రేంజికి తీసుకెళ్లే సంచిని సామాన్ల దగ్గరికి కూడా రానీయకండి. జేబులో మరిచిపోయిన ఒక్క ఖాళీ కేసు చాలు, విమానాశ్రయంలో రోజంతా సంజాయిషీ చెప్పుకోవడానికి.

ఈ శనివారం రేంజికి పోయేటప్పుడు స్ప్రింగులు ఇంకా రాకపోయినా ఫరవాలేదు, క్రోనోగ్రాఫ్ ఒక్కటి సంపాదించండి. ఉన్న 16 పౌండ్ల స్ప్రింగుతోనే పది తూటాలు కాల్చి, పది వేగాలనూ, ఛాంబర్ పరీక్ష ఫలితాన్నీ, కేసులు పడిన దూరాన్నీ రాసి పంపండి. అన్నిటికంటే తక్కువ వేగం 680 అడుగులకు పైన ఉంటే 15తో మొదలుపెట్టి దిగుదురుగాని. అంతకంటే తక్కువ ఉంటే స్ప్రింగుల సంగతి ఆపి, మీరు వాడుతున్న పౌడరు పేరూ, మాన్యువల్‌లో దానికి ఇచ్చిన కనీస, గరిష్ఠ మోతాదులూ ముందు నాకు రాయండి.